పీనుగ పటేలు మాట్లాడే తెలుగు

ధర్మాబాద్‌లోని మా ఇంట్లో ప్రస్తుతం అందరికంటే చక్కని తెలుగు మాట్లాడేది ఒక శవం. అతని పేరు పీనుగ పటేలు. మా అబ్బాయి, అమ్మాయి కలిసి నోటుపుస్తకంలో గీస్తున్న బొమ్మల కథకు అతడే నాయకుడు. కాష్ఠం మీదికి ఎక్కించబోయే ముందు పాడె తాళ్ళు విప్పుకొని లేచిపోయిన ఈ పెద్దమనిషి, రాత్రిపూట మిర్చి యార్డులో తిరుగుతూ, కారంలో ఇటుకపొడి కలిపేవారిని పట్టుకొని, పొద్దు పొడిచేలోగా శ్మశానంలోని రేకుల షెడ్డు కిందికి వెళ్ళి పడుకుంటాడు. భయపెట్టే కథే, కాని చదివినవాళ్ళు నవ్వకుండా ఉండలేరు. ఇటువంటి కథలు పిల్లల చేతిలో ఉండవచ్చునా అని మా బంధువులు, పిల్లల బడిలోని ఒక ఉపాధ్యాయురాలు, ఇరుగుపొరుగువారు పదే పదే అడుగుతున్నారు. ఉండవచ్చునని మాత్రమే కాదు, ఉండాలని నేను నమ్ముతున్నాను.

ధర్మాబాద్ మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ఉన్నది. నిజామాబాద్ వైపు వెళ్ళే రైలెక్కితే కాసేపట్లోనే బాసర వస్తుంది. మా పిల్లలిద్దరికీ అక్షరాభ్యాసం అక్కడే జరిగింది. ఇంత దగ్గర ఉండి దీనిని ప్రవాసం అనడమేమిటని కొందరంటారు. 1956 నవంబరు 1కి ముందు ఇటు నాందేడు, అటు నిజామాబాదు రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. ఆ తరువాత నాందేడు బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్ళింది. సరిహద్దు గీత ఎంత దగ్గర ఉన్నా, బడి ఏ భాషలో ఉన్నదో, గోడల మీది రాతలు ఏ లిపిలో ఉన్నవో, పిల్లవాడు పక్కింటి పిల్లవాడితో ఏ భాషలో కొట్లాడుతున్నాడో, అదే వాడి దేశం. మా పిల్లలు బలపం పట్టింది సరస్వతమ్మ గుడిలో తెలుగు అక్షరం మీద అయినా, రోజూ చదివేది, రాసేది దేవనాగరిలోనే. వాళ్ళకు తెలుగు వినవచ్చును, మాట్లాడవచ్చును. చదవడం మాత్రం నిరుటివరకూ రాలేదు.

కథ మొదలైనది ఒక పాత హిందీ కామిక్స్‌తో. నాందేడులోని మా చుట్టాల ఇంట్లో అటక మీద దొరికిన రాజ్ కామిక్స్ కట్టలో ఆంథొనీ అనే నాయకుడి కథలు ఉన్నాయి. 1986లో ఢిల్లీ నుంచి మొదలైన ఆ సంస్థ నాయకులలో ఇతడు చనిపోయినవాడు. రాత్రి సమాధిలోంచి లేచివచ్చి, అన్యాయానికి గురైనవారి పక్షాన నిలుస్తాడు. అతనికి తోడు ఒక కాకి. మా అబ్బాయిని పట్టుకున్నది ఆ కాకి. చనిపోయినవారికీ కాకికీ సంబంధం ఉన్నదని వాడికి అప్పటికే తెలుసు. ఎట్లా తెలుసో తరువాత చెబుతాను.

ఆ పుస్తకం చూసి మా అత్తగారు, అంటే పిల్లల బాపమ్మ, "పొద్దుగూకినంక ఇంట్ల పీనుగ బొమ్మలేందిరా" అని కోప్పడ్డది. దీపాలు పెట్టిన తరువాత పామును పాము అనకుండా పురుగు అనే తరం ఆమెది. నేను ఆమెతో వాదించలేదు. పెట్టెలోంచి పాత చందమామ ఒకటి తీసి పిల్లల ముందు పెట్టాను. కత్తి పట్టిన రాజు, భుజాన వేలాడుతున్న శవం, చుట్టూ పుర్రెలు: శంకర్ గీసిన ఆ బొమ్మను చూడని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. 1947 జూలైలో తెలుగులో మొదలైన చందమామ మరాఠీలో చాందోబా అయింది. అందుచేత మా పక్కింటి ఆజీ, అంటే మరాఠీ అవ్వ, కూడా ఆ బొమ్మను చూడగానే గుర్తుపట్టి, తమ ఇంట్లో నెలనెలా దానికోసం ఎట్లా పోట్లాడుకునేవారో చెప్పుకొచ్చింది. ఒకే శవం గోదావరికి రెండు వైపులా రెండు భాషలలో మాట్లాడింది.

గోదావరి అన్నది ఊరికే అనలేదు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో బేతాళ కథల రాజు త్రివిక్రమసేనుడు. అతని నగరం గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం, అంటే ఈనాటి పైఠణ్. అక్కడి నీరే నాందేడు మీదుగా మా వైపు వచ్చి బాసరకు పోతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి, అయితే బేతాళుడు మనకు ఎగువ ఊరివాడే అన్నది. ఆ కథల చివర ఏమి జరుగుతుందో కూడా పిల్లలకు పూర్తిగా చెప్పాను, ఎందుకంటే చాలామందికి మౌనభంగం కాగానే శవం చెట్టెక్కడం మాత్రమే గుర్తుంటుంది. రాజును శ్మశానానికి పిలిపించిన భిక్షువు క్షాంతిశీలుడు అతన్ని బలి ఇవ్వదలచుకున్నాడు. ఆ కుట్రను బయటపెట్టి రాజును కాపాడినది శవంలోని బేతాళుడు. భయపడవలసింది కాషాయం కట్టిన బతికున్నవాడికి; ప్రాణం కాపాడింది శవం. ఎత్తిపొడుస్తూ, చిక్కుప్రశ్నలతో వేధిస్తూ, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరిస్తూ, చివరికి మేలు చేసిన ఆ శవం కంటే గొప్ప హాస్యగాడు మన పాత కథలలో నాకు కనిపించలేదు.

ఉపాధ్యాయురాలి అభ్యంతరం సరళమైనదే. పిల్లలు చావును చూసి నవ్వడం నేర్చుకుంటే మనసు మొద్దుబారుతుందని ఆమె భయం. ఇటువంటి భయం కొత్తది కాదు. 1954లో అమెరికాలో ఫ్రెడరిక్ వెర్తమ్ అనే మనోవైద్యుడు భయానక కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయని పుస్తకం రాశాడు. సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. అదే ఏడాది ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకొని, నడిచే శవాలను, రక్తం తాగే పిశాచాలను, తోడేలు మనుషులను బొమ్మల కథలలోంచి వెళ్ళగొట్టారు. 1971లో నియమాలు సడలించినప్పుడు రక్తపిశాచాలకు, తోడేలు మనుషులకు పాత సాహిత్యంలో చోటు ఉన్నదని అనుమతి దొరికింది; నడిచే శవానికి అప్పుడు కూడా దొరకలేదు. మన శవానికి సోమదేవుడి నాటి నుంచీ సాహిత్యంలో చోటు ఉన్నది కదా అని ఆమెతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు, అయినా నోటుపుస్తకం ఇంటికి తీసుకువెళ్ళి చదివింది. క్రూరత్వాన్ని చూపి ఆనందించే పుస్తకాలు నాకూ పడవు. ఒక మనిషిని నరకడంలోనే వినోదమున్న కథను మా ఇంట్లోకి రానివ్వను. భయం తరువాత నవ్వు వచ్చే కథ వేరు, బాధను చూసి నవ్వించే కథ వేరు, ఈ తేడా పిల్లలకు మనకంటే త్వరగా తెలుస్తుంది.

ఇక పీనుగ పటేలు దగ్గరికి వస్తాను. బొమ్మలు అబ్బాయివి, మాటలు అమ్మాయివి. మాటల బుడగలో పట్టేటన్ని మాటలే రాయాలి కనుక, పేరాలంటే పారిపోయే పిల్ల తెలుగు అక్షరాలు రాయడానికి ఒప్పుకున్నది. వర్ణమాల వరుస రెండు లిపులలోనూ దాదాపు ఒకటే కాబట్టి హల్లులు త్వరగా వచ్చాయి. మరాఠీలో పొట్టి ఎ, ఒ లేవు కాబట్టి కొడుకు కోడుకయ్యాడు, చెప్పు చేప్పయింది. అవన్నీ దిద్దుకుంటున్నది. అసలు కష్టం పటేలు ఏమి మాట్లాడాలన్నది. దానికి బాపమ్మే దిక్కయింది. పొద్దుగూకినంక పీనుగ మాటలు వద్దన్న మనిషి, పగటిపూట వరండాలో కూర్చొని తిట్లన్నీ అప్పజెప్పింది. తెలుగు తిట్లలో సగం చావు చుట్టూనే తిరుగుతాయి. అవన్నీ నిజంగానే జరిగిపోయిన మనిషిని తిడితే ఏమవుతుంది? పిల్లల కథంతా ఈ ప్రశ్న మీద నడుస్తున్నది.

ఒక పేజీ చెబుతాను. మిర్చి యార్డు, రాత్రి, బస్తాల వరుసలు. ఎర్ర రంగు పెన్సిలు సగం ఆ పేజీకే అరిగింది. పటేలు తెల్లబట్టలో, నోట్లో బియ్యపు గింజలతో, బొటనవేళ్ళకు కట్టిన తాడు ఈడ్చుకుంటూ వస్తాడు. ఇటుకపొడి కలుపుతున్న దొంగ ఉలిక్కిపడి అరుస్తాడు:

"నీ పాడె గట్ట!"

"కట్టిండ్రు. ముడి సరిగ్గ పడలేదు."

"నీ దినాలు జెయ్య!"

"చేసిండ్రు. పప్పుల ఉప్పు తక్కువైంది."

అంతలో మిర్చి ఘాటుకు పటేలుకు తుమ్ము వస్తుంది. బస్తాల చాటున పడుకున్న ముసలమ్మ నిద్రలోనే, పిల్లలు తుమ్మితే అనేటట్టు, "నూరేండ్లు బిడ్డా!" అంటుంది. పటేలు చేతులు కట్టుకొని వినయంగా, "నిండినయవ్వా, నిన్ననే" అంటాడు. ఆ బుడగను మా అమ్మాయి సొంతంగా రాసింది. బాపమ్మకు చదివి వినిపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నూరేళ్ళు నిండడమంటే ఏమిటో ఎవరూ ఆ పిల్లకు పాఠంగా చెప్పలేదు; ఇంట్లో మాట్లాడుకుంటుండగా చెవిన పడి మనసులో నిలిచిపోయింది, హాస్యానికి అవసరమైన రోజున బయటికి వచ్చింది. భాష వచ్చినట్టు నేను నమ్మినది ఆ రోజు.

కాకి సంగతి తరువాత చెబుతానన్నాను. మా మామగారు పోయినప్పుడు మూడవ దినాన గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టాము. ఆయనకు ఇష్టమైన సర్వపిండి కూడా విస్తట్లో ఉన్నది. కాకి చెట్టు మీదనే కూర్చున్నది, దిగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయనకు ఏ కోరిక మిగిలిపోయిందోనని పెద్దవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, అది చేస్తాము, ఇది చూసుకుంటామని మాట ఇస్తున్నారు. మాతో వచ్చిన మరాఠీ పొరుగువారికి ఇది పరాయి తంతు కాదు. వారికీ పదవ దినాన పిండాన్ని కాకి తాకాలి, ఎంతకీ రాకపోతే దర్భతో కాకిని చేసి తాకిస్తారు. మా అబ్బాయి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకొని నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కూడా తాత గురించి ఏమీ అడగలేదు. చాలా నెలలపాటు అడగలేదు.

వాడు గీసిన పేజీలలో ఒకదానిలో పీనుగ పటేలు తన విస్తరి పక్కనే, ఎవరికీ కనిపించకుండా, గొంతుక్కూర్చొని చెట్టు మీది కాకిని బతిమాలుతుంటాడు. "దిగు తల్లీ. వాళ్ళు పొద్దటి సంది అన్నం తినలేదు. చిన్నోనికి కాళ్ళు కాలుతున్నయి." కాకి, "సర్వపిండి చల్లారింది, నాకొద్దు" అంటుంది. "బతికినన్ని దినాలు నేను చల్లారిందే తిన్న, నీకేం రోగం" అని పటేలు కసురుతాడు. ఈ పేజీ చూసి నవ్వు, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి మా ఆయనకు. ఆ రాత్రి తండ్రీకొడుకులు చాలాసేపు తాత గురించి మాట్లాడుకున్నారు, పూర్తిగా తెలుగులో. పిల్లవాడు తాత దిగులును మోసుకు తిరుగుతున్నాడని మాకు ఆ బొమ్మతోనే తెలిసింది. శవంతో నవ్వించే స్వేచ్ఛ లేకపోతే వాడు దానిని ఎక్కడ దించుకునేవాడో నాకు తెలియదు.

కథలోకి మరాఠీ వైపు నుంచి కూడా మనుషులు, దయ్యాలు చేరుతున్నారు. పక్కింటి పాప, ఆజీ మనవరాలు, కాళ్ళు వెనక్కి తిరిగిన హడళ్‌ను తెచ్చింది. మన దయ్యాల కాళ్ళూ అంతేనని బాపమ్మ వెంటనే ఒప్పుకున్నది. రావిచెట్టు మీది ముంజా కూడా వచ్చాడు, ఒడుగు అయి పెళ్ళి కాకుండా పోయిన పిల్లవాడు. ఆజీ మరో సంగతి చెప్పింది. సింధుదుర్గ జిల్లా ఆరవలిలో వేతోబాకు, అంటే బేతాళుడికి, గుడి ఉన్నది. ఆ దేవుడు రాత్రంతా ఊరు కాపలా తిరిగి చెప్పులు అరగదీసుకుంటాడని భక్తులు పెద్ద పెద్ద తోలు చెప్పులు సమర్పిస్తారు. అంటే కొంకణంలో బేతాళుడు కాపలాదారు, దేవుడు. ఉత్త కాళ్ళతో యార్డు చుట్టూ తిరుగుతున్న పటేలుకు రెండవ భాగంలో ఆరవలి ప్రయాణం ఖాయమైనది ఈ మాట వల్లనే.

నన్ను కలతపెట్టిన సంగతి ఒకటి ఉన్నది. మొదటి పేజీలు మళ్ళీ చూస్తే, తెలుగు మాట్లాడేవారంతా చచ్చినవాళ్ళు, ముసలివాళ్ళు, తిట్టేవాళ్ళు; పోలీసు, టీచరు, బస్సు కండక్టరు, క్రికెట్ ఆడే పిల్లలు అందరూ మరాఠీ. పిల్లలు చూసినదే గీశారు. మా ఇంట్లో తెలుగు బాపమ్మ గది దగ్గర మొదలై వంటింట్లో ముగుస్తుంది. ఇది వాళ్ళతో దాచకుండా చెప్పాను. అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి, అయితే పటేలుకు ఒక మనవడు కావాలి, బతికున్నవాడు, మా ఈడువాడు, ఎదురు తిట్టేవాడు అన్నది.

మనవడి బొమ్మ తయారయింది. చేతిలో బ్యాటు, నెత్తిన టోపీ, తాత శవాన్ని చూసి కొంచెం కూడా బెదరని మొహం. ఆరవలికి వెళ్ళే రైలులో టికెట్ లేని తాతను టీసీకి ఏమని పరిచయం చేయాలన్నది వాడి మొదటి బుడగ. ఆ బుడగ నేనే రాస్తానని అబ్బాయి పట్టుబడుతున్నాడు. వాడికి ఒత్తులు రావని అక్క అంటున్నది. వాడు నిన్నటి నుంచి బాపమ్మ దగ్గర కూర్చొని ఒత్తులు దిద్దుకుంటున్నాడు.