గోడ మీద నీటి గీత

మొదటి మూడు వారాలు నేను కెమెరా ఆన్ చేయలేదు.

జర్మనీలో డ్రెస్డెన్ విద్యార్థులతో మా డిగ్రీ కాలేజీ చేసిన ఆన్‌లైన్ ప్రాజెక్ట్ అది. వాళ్లు ముగ్గురు, మేం ముగ్గురం. ఆరు వారాలు, వారానికో మీటింగ్. నదులు, వరదలు, ఊళ్ల జ్ఞాపకాలు మా టాపిక్. ఇలాంటి వాటిని కాయిల్ (కొలాబరేటివ్ ఆన్‌లైన్ ఇంటర్నేషనల్ లెర్నింగ్) అంటారని, స్టేట్ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ 2006లోనే దీనికోసం ఒక సెంటర్ పెట్టిందని మేడమ్ చెప్పారు. పాస్‌పోర్టు కూడా లేని నాకు వేరే దేశం వాళ్లతో కలిసి చదవడమంటే చాలా పెద్ద విషయం.

కెమెరా ఆపడానికి కారణం మా గోడ. సరూర్‌నగర్ చెరువు పక్కన కోదండరామ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు మాది. 2020 అక్టోబర్ వరదలో మునిగింది. తర్వాత రెండుసార్లు పెయింట్ వేయించాం. అయినా ప్రతి వానాకాలం నడుము ఎత్తు దాకా చెమ్మ ఎక్కి పొరలు పొరలుగా ఊడుతుంది. ఇంట్లో నెట్ సరిగ్గా వచ్చేది ఆ గోడ ముందే. నల్లటి స్క్రీన్ చూసి డ్రెస్డెన్ అమ్మాయి రెండుసార్లు అడిగింది, ఉన్నావా అని. నెట్ బాలేదని అబద్ధం చెప్పాను.

ఆ మూడు వారాలూ స్లైడ్లతోనే గడిచాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగడం, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా బతకడం, ఆ తర్వాత గండిపేట చెరువు కట్టడం మేం చెప్పాం. 2002 ఆగస్టు 17న డ్రెస్డెన్‌లో ఎల్బే నది 9.40 మీటర్లకు చేరిందని వాళ్లు చెప్పారు. థాంక్యూలు చెప్పుకుని లాగౌట్ అయ్యాం.

నాలుగో వారం సాయంత్రం ఆరున్నరకి మేం ముగ్గురం లాగిన్ అయితే అవతల ఎవరూ లేరు. పావుగంట చూశాం. మావాళ్లిద్దరూ వెళ్లిపోయారు. నాకు ఒకటే టెన్షన్. కెమెరా పెట్టకుండా మాట్లాడుతున్నానని నొచ్చుకున్నారేమో అనిపించింది. లింక్ మూయకుండా అలాగే కూర్చున్నాను. సరిగ్గా ఏడున్నరకి ఆ అమ్మాయి వచ్చింది. అక్టోబర్ చివరి ఆదివారం వాళ్ల దగ్గర గడియారాలు గంట వెనక్కి తిప్పుతారట. మూడున్నర గంటల తేడా కాస్తా నాలుగున్నర అయింది. అది రెండు వైపులా ఎవరికీ తట్టలేదు.

"గంట నుంచీ ఇక్కడే ఉన్నావా?" అంది. అవునన్నాను. ఇంకేం అనిపించిందో, కెమెరా ఆన్ చేశాను.

తను నా ముఖం చూసి నవ్వింది. తర్వాత నా వెనక్కి చూసింది. "అది నీళ్ల గీతా?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మా బస్తీలో అడగాల్సిన పని లేదు, అందరి గోడలూ అంతే. తను ఆ రోజు లాబెగాస్ట్ అనే పేటలో వాళ్ల నానమ్మ ఇంట్లో ఉంది. ఫోన్ పట్టుకుని మెట్లు దిగి గేటు దగ్గరికి పరిగెత్తింది. గేటు పక్క గోడకి చిన్న రేకు, దాని మీద రెండు గీతలు, పక్కన అంకెలు: 2002, 2013. పై గీత తన భుజం దాకా వచ్చింది. నానమ్మ ఏడాదికోసారి ఆ రేకు తుడుస్తుందట. మేం మా గీత మీద రెండుసార్లు రంగు పూయించాం.

ఇద్దరికీ ఇంగ్లిష్ అరువు భాషే. మాట దొరకనప్పుడు చేత్తో చూపించుకున్నాం: ఇంత ఎత్తు, ఇక్కడిదాకా. "ఆ రాత్రి మీ అమ్మ ఏం చేసింది?" అని అడిగింది. నాకు తెలియదు. అప్పుడు నేను పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నాను. ఐదేళ్లయినా అమ్మని ఒక్కసారి అడగలేదు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అడిగాను. "గదంతా ఇప్పుడెందుకు బిడ్డా?" అంది మొదట. తర్వాత చెయ్యి కడుక్కొచ్చి గోడ దగ్గర నిలబడింది. "గీడికి వచ్చినయ్" అని నడుము మీద చెయ్యి పెట్టింది. రేషన్ కార్డు, నాన్న సర్టిఫికెట్లు దిండు గలీబులో వేసి, మెడకి కట్టుకుని పై అంతస్తు ఆంటీ వాళ్లింటికి ఎక్కిందట. గ్యాస్ సిలిండర్ నీళ్లమీద తేలి తలుపుకి టంగుటంగున కొట్టుకుంటుంటే ఆ చప్పుడు తెల్లారేదాకా వినిపించిందట. "ఇప్పటికీ వినవడ్తది" అంది.

చివరి ప్రెజెంటేషన్‌లో స్లైడ్లు సగానికి సగం తీసేశాం. అమ్మ గొంతు, వాళ్ల నానమ్మ గొంతు వినిపించాం. కింద ఇంగ్లిష్‌లో మాటలు వేయడానికి నాలుగు రాత్రులు పట్టింది. గలీబు, టంగుటంగు దగ్గర చాలాసేపు ఆగాం. మార్కులు ఎన్నొచ్చాయో రాయాలని లేదు.

ప్రాజెక్ట్ అయిపోయాక అమ్మే ఆ నానమ్మకి ఒక ప్రశ్న పంపమంది. "వాన పడితే ఆ అమ్మకి నిద్ర పడ్తదా అడుగు."

మర్నాడు జవాబొచ్చింది. పట్టదట. లేచి కిటికీ దగ్గర కూర్చుని నది వైపు చూస్తుందట.

అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. "నేను లేచి బయట మోరీ చూసొస్త అని చెప్పు" అంది.