ఆంటీ, మీకు ఏం వచ్చు?

రిటైరయ్యాక ఏదో ఒక మంచి పనిలో పడదామని బయల్దేరి, ఇప్పటికి ఒక దారికొచ్చాను. కోపం చల్లారక ముందే రాసేస్తున్నా.

హైదరాబాద్‌లో కాలక్షేపానికి మనుషులు దొరకడం తేలికే. 1996 నుంచి ఇక్కడి బండరాళ్లను కాపాడుతున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు నెలకోసారి రాక్ వాక్ పెడతారు. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద కూర్చుని పులిహోర తిన్నాం. మోకాళ్లు సహకరిస్తే వెళ్లండి. సహకరించకపోతే బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది, సాయంత్రాలు ఏదో ఒక కార్యక్రమం జరుగుతూనే ఉంటుంది.

చిక్కంతా సేవ దగ్గరే వచ్చింది. ఒక స్వచ్ఛంద సంస్థకి వెళ్తే రెజ్యూమే అడిగారు. ఉద్యోగమంతా ఆడిట్‌లో చేసినదాన్ని, నా టిక్కు పడకపోతే బిల్లు కదిలేది కాదు. ఇంటర్వ్యూ చేసిన కుర్రాడు ఆ కాగితం వంక చూడకుండానే "ఆంటీ, మీకు ఏం వచ్చు?" అన్నాడు. పిల్లలకు లెక్కలు చెబుతానన్నాను. "రీల్స్ చేస్తారా?" రాదన్నాను. "పోనీ ఇంగ్లీష్ ఫ్లూయెంటేనా?" బస్తీ పిల్లలకు ఎక్కాలు నేర్పడానికి ఇంగ్లీషెందుకు బాబూ అంటే, "డోనర్లు వస్తారు కదాంటీ" అని నవ్వాడు. పైగా టీషర్టుకని 500 కట్టించుకున్నారు.

ఆదివారం బస్తీకి వెళితే పలక లేదు, పాఠం లేదు. ఏదో కంపెనీ వాళ్లు బస్సు దిగారు. పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, బ్యానర్ కొస ఒకటి నా చేతికిచ్చారు. నోట్‌బుక్కులు పంచారు, వీడియో తీశారు. సరిగ్గా రాలేదని అన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ పంచారు. ఒక పాప మాత్రం పుస్తకం వదల్లేదు. "ఆంటీ, మీరైతే ఇస్తుంది, తీసుకోండి" అన్నాడు ఆ కుర్రాడే. బ్యానర్ అక్కడే పడేసి వచ్చేశాను. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు!

సేవ చేయడానికి మీ దగ్గరే డబ్బులడిగితే లేచి వచ్చేయండి. ఆధార్ అడిగితే మాత్రం ఇవ్వండి. పిల్లల దగ్గరికి పంపేటప్పుడు అడగాల్సిందే.

నాకు అసలు పని దొరికింది చిక్కడపల్లి లైబ్రరీ బయట, టీ బండి దగ్గర. గ్రూప్స్‌కి చదువుతున్న ఒకమ్మాయికి చూపు లేదు. తెలుగు పుస్తకాలు చదివిపెట్టేవాళ్లు దొరకడం లేదని స్నేహితురాలితో అంటోంది. నేను చదువుతానన్నాను. ఫారం లేదు, ఫొటో లేదు. ఎకానమీ పాఠాలు ఫోన్‌లో రికార్డు చేసి పంపుతున్నాను. పట్టిక వస్తే అడ్డంగా చదవాలో నిలువుగా చదవాలో ముందే అడగాలి, గ్రాఫ్ వస్తే మాటల్లో చెప్పాలి. పట్టికలు చదవడంలో మాత్రం నాకు సాటి లేరు, ఆ అమ్మాయే అంది.

పరీక్ష కూడా రాసిపెడతానంటే కుదరదట. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ (చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) చదువు ఆ పరీక్షకు అడిగే చదువు కంటే తక్కువ ఉండాలి. నాదేమో ఎం.కాం. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం మాత్రం ఇవ్వాలని అందులోనే ఉంది. డిగ్రీ స్థాయి పరీక్షకు ఇంటర్ పాసైనవాళ్లు కావాలి. మా చిన్న చెల్లెలి కూతురు కౌన్సెలింగ్ దాకా ఖాళీగానే ఉంది. అడిగితే "చూస్తాలే పెద్దమ్మా" అంది. చూసేదేముంది, ఆదివారం తీసుకెళ్తున్నా.