నా వంతు వచ్చేసరికి

పరాయి దేశంలో టీచరుగా చేరిన రెండో ఏడు నన్ను క్రమశిక్షణ కమిటీలో వేశారు. ఐదుగురం. మొదటి కేసు తొమ్మిదో తరగతి పిల్లాడిది. మెట్ల దగ్గర తోటివాణ్ణి తోసేశాడు. అందరికన్నా సీనియర్ టీచరు ఫైలు ఇంకా చేతిలో ఉండగానే "వీడికిది కొత్త కాదు, పది రోజులు సస్పెండ్ చేద్దాం" అన్నారు. పక్కాయన సరేనన్నారు. ఆ పక్కావిడ "మూడు రోజులు చాలదా" అనబోయి, "మీ అందరికీ సమ్మతమైతే నాకూ అంతే" అని సర్దుకున్నారు.

నాకొక సంగతి తెలుసు. తోయకముందు ఆ రెండోవాడు వీడి నత్తిని అనుకరించి వెక్కిరించడం నా చెవులారా విన్నాను. రిపోర్టులో అది లేదు. నా యాస, నా వీసా, కొత్తదాన్నన్న బెరుకు... మాట గొంతు దాకా వచ్చి ఆగింది. నేనూ తలూపాను. బయట బెంచీ మీద వాళ్లమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ట్రైనింగ్‌లో చదివిన మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ గుర్తొచ్చాడు. పోలండ్‌లో పుట్టి, 1920లో చిన్నతనంలోనే అమెరికాకు వలస వెళ్లినవాడు. 1950ల ప్రయోగాల్లో ఒక గీత చూపించి, మూడింటిలో దానితో సమానమైన పొడవున్నది ఏదో చెప్పమన్నాడు. ముందు జవాబు చెప్పినవాళ్లంతా కావాలనే తప్పు చెబితే, కళ్లెదుట నిజం కనిపిస్తున్నా దాదాపు మూడో వంతు జవాబులు వాళ్ల వైపే మొగ్గాయి. ఒక్కరు నిజం చెబితే ఆ ఒత్తిడి బాగా తగ్గిపోయింది. ఆ మూడు రోజులావిడకు ఆ ఒక్కరు నేను కావాల్సింది. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

1985లో స్టాసర్, టైటస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మరొకటి చూపించారు. గుంపు అందరికీ తెలిసిందే మళ్లీ మళ్లీ మాట్లాడుకుంటుంది, ఒక్కరికే తెలిసింది చాలాసార్లు బల్ల మీదికి రాదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ప్రిన్సిపాల్‌కు చెప్పాను. కేసు మళ్లీ తెరిచారు. సీనియర్ టీచరు క్రూరుడేం కాదు. ఆయన ముందు మాట్లాడతారు, అంతే. అందుకే ఎవరూ నోరు విప్పకముందే ఎవరి అభిప్రాయం వాళ్లు చీటీ మీద రాసివ్వాలని, ఆయన చివర మాట్లాడాలని అడిగాను. ఆయనే ముందుగా ఒప్పుకున్నారు.

ఐదు చీటీలు, నాలుగు రకాల జవాబులు. ఆ మూడు రోజులావిడ చీటీలో శిక్ష లేదు. ఒక్క వాక్యం ఉంది: "పిల్లాణ్ణి మనం ఇంకా అడగనేలేదు."