పాత కమారోకి వెడల్పు టైర్లు: ముందు కొలత, తర్వాతే కొనుగోలు

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్లలో మనవాళ్లు చాలామంది కార్ల కంపెనీలనే నమ్ముకుని బతుకుతున్నారు. ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైంది. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో దాన్ని చూడ్డానికి వెళ్లినవాళ్లలో కొందరు నాలుగైదేళ్లకి ఒక 1969 షెవర్లే కమారో కారు కొని గరాజులో పెట్టుకుంటారు. ఆ బండికి మొదట చేయించాలనుకునేది వెడల్పు టైర్లే. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది కూడా అక్కడే. అందరూ టైరు ఎంత వెడల్పుదని అడుగుతారు గానీ, ఆ వెడల్పులో లోపలికి ఎంత పోతుంది, బయటికి ఎంత వస్తుంది అన్నది అడగరు.

మనకు ముందు ఎదురయ్యే చిక్కు కొలతల భాష. మన చదువంతా మిల్లీమీటర్లలో సాగింది. ఇక్కడి షెడ్డుల్లో అంతా అంగుళాలే. టైరు మీద మాత్రం రెండూ కలిసి ఉంటాయి. 255/60 ఆర్ 15 అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ వ్యాసం 15 అంగుళాలు. కొత్త కేటలాగులు ఆఫ్‌సెట్‌ని, అంటే రిమ్ వెడల్పు నడిమధ్యకీ అది బ్రేకు డ్రమ్ముకి ఆనే ముఖానికీ మధ్య దూరాన్ని, మిల్లీమీటర్లలో చెబుతాయి. అరవై దాటిన అమెరికన్ మెకానిక్ మాత్రం బ్యాక్‌స్పేసింగ్ అనే అంటాడు, అదీ అంగుళాల్లోనే. రిమ్‌ని బోర్లా పెట్టి, వెనక అంచు మీద అడ్డంగా ఒక బద్ద వేసి, అక్కడి నుంచి డ్రమ్ముకి ఆనే ముఖం దాకా ఉన్న లోతు కొలిస్తే బ్యాక్‌స్పేసింగ్ వస్తుంది. ఒక సంగతి మర్చిపోకూడదు. 8 అంగుళాల రిమ్ అంటే టైరు కూర్చునే చోటు 8. రెండు అంచుల మందం కలిపితే మొత్తం 9 అవుతుంది. కాబట్టి 4.5 బ్యాక్‌స్పేసింగ్ ఉన్న 8 అంగుళాల రిమ్ ఆఫ్‌సెట్ సున్నా. అంచుల మందం వదిలేసి 8లో సగం 4 అని లెక్క కట్టినవాళ్లకి అర అంగుళం తేడా వస్తుంది. ఈ పనిలో అర అంగుళం అంటే టైరు పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉన్న దూరం.

1967 నుంచి 69 దాకా వచ్చిన కమారోలకి చక్రం బిగించే బోల్టులు, అంటే స్టడ్లు, అయిదు; అవి 4.75 అంగుళాల వృత్తంలో ఉంటాయి. స్టడ్ మందం 7/16, అంగుళానికి 20 మరలు. అప్పట్లో చాలా బండ్లు 14 అంగుళాల రిమ్ములతో, ఈ70, ఎఫ్70 అనే పాత పద్ధతి టైర్లతో వచ్చాయి. వీ8 మస్టాంగ్‌కీ, డాడ్జ్ చార్జర్‌కీ ఆ వృత్తం 4.5 అంగుళాలు. పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు, కాబట్టి చూపు మీద ఆధారపడొద్దు. 1968 చార్జర్ లాంటివి షెడ్డుకి వచ్చినప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఎడమ పక్క చక్రాల స్టడ్లకు మర తిరగేసి ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆ సంగతి తెలియక గాలి గన్ పెట్టి, ఊడడం లేదని ఇంకా బిగించి స్టడ్ తుంచేస్తారు. పాత క్రైస్లర్ బండి కనిపిస్తే ముందు స్టడ్ మూతి మీద ఎడమ మర గుర్తు ‘ఎల్’ ఉందేమో చూడండి.

టేపు పట్టుకునే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఈ కార్లకి వెనక కమాన్ పట్టీలు ఉంటాయి. 1967లో అన్ని కమారోలకీ పక్కకి ఒకే పట్టీ, 68 నుంచి బలమైన ఇంజన్లున్న వాటికి పట్టీల కట్ట ఇచ్చారు. యాభై ఏళ్లు దాటిన పట్టీ దిగిపోయి ఉంటుంది, దాని చివరల్లో రబ్బరు బుష్‌లు పిండి అయి ఉంటాయి. ఆ స్థితిలో తీసుకున్న కొలత, కొత్త పట్టీలు వేశాక పనికిరాదు. బ్రేకులూ అంతే. డ్రమ్ములు తీసి డిస్కులు వేసే ఉద్దేశం ఉంటే అది ముందు చేయాలి. చాలా కిట్లు చక్రం ఆనే ముఖాన్ని పావు అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా బయటికి నెడతాయి. పైగా డిస్కుని నొక్కిపట్టే కాలిపర్లు కొన్నిటి మీద పాత 14 అంగుళాల రిమ్ము అసలు కూర్చోదు. ముందు పట్టీలు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత కొలత, చివర కొనుగోలు. ఈ వరస తిరగబడితే ఖర్చు రెండింతలు. ఇక్కడ కూలీ గంటల లెక్క కాబట్టి ఆ రెండో ఖర్చు టైర్ల ధర కన్నా పెద్దదిగా ఉండొచ్చు.

ఇక కొలత. జాకీతో బాడీని ఎత్తి కొలిస్తే ఇరుసు కిందికి వేలాడుతుంది, అంకెలన్నీ తప్పుతాయి. వెనక స్టాండ్లు ఇరుసు గొట్టం కింద, ముందు స్టాండ్లు చక్రాన్ని బండికి కలిపే కింది కంట్రోల్ ఆర్మ్ కింద పెట్టాలి. బండి బరువు సస్పెన్షన్ మీదే ఉండాలి. జాకీ మీదే వదిలేసి పక్కన రాయి పెట్టి పని కానిచ్చే అలవాటు మన ఊళ్లలో ఉంది, దాన్ని ఇక్కడికి తేవద్దు. స్టాండు లేకుండా కింద దూరితే మంచి షెడ్డులో ఆ రోజే ఇంటికి పంపిస్తారు. అది న్యాయమే. చక్రం తీశాక డ్రమ్ము ముఖానికి ఒక తిన్నటి బద్ద ఆనించండి. ఆ ముఖమే మనకు సున్నా. అక్కడి నుంచి లోపలికి కమాన్ పట్టీ దాకా, చక్రం గూడు లోపలి తొట్టి గోడ దాకా, బయటికి మడ్‌గార్డు మడత అంచు దాకా కొలవాలి. ఒకే ఎత్తులో కాదు, టైరు పైభాగం వచ్చే చోటా, ముందూ వెనకా కూడా. రెండు పక్కలా విడివిడిగా కొలవండి. 1960ల్లో బాడీ అతుకులు ఇప్పటంత కచ్చితంగా ఉండేవి కావు, ఇరుసు ఒక పక్కకి పావు అంగుళం జరిగి ఉండడం మామూలే. తక్కువ ఖాళీ ఉన్న పక్క కొలతనే లెక్కలోకి తీసుకోవాలి.

లెక్క ఇలా ఉంటుంది. 255/60 ఆర్ 15 టైరుని 8 అంగుళాల రిమ్ మీద ఎక్కిస్తే దాని పొట్ట వెడల్పు సుమారు 10.4 అంగుళాలు. ఆఫ్‌సెట్ సున్నా అయితే డ్రమ్ము ముఖం నుంచి లోపలికి 5.2, బయటికి 5.2. లోపల అర అంగుళం ఖాళీ కావాలి. బయట ముప్పావు కావాలి, ఎందుకంటే మలుపులో పట్టీల మీద ఇరుసు పక్కకి జరుగుతుంది. అంటే మీ కొలతలో లోపల 5.7, బయట 5.95 ఉండాలి. చవగ్గా దొరికే 8 అంగుళాల రిమ్ములు కొన్నిటికి బ్యాక్‌స్పేసింగ్ 3.75 మాత్రమే. అదే టైరు వాటి మీద బయటికి 5.95 వస్తుంది, ముప్పావు ఖాళీ మొత్తం మాయమవుతుంది. షెడ్డులో నిలబెట్టినప్పుడు అందంగానే ఉంటుంది. వెనక సీట్లో ఇద్దరు కూర్చుని, బండి ఏ పార్కింగ్ వాలులోనో దిగినప్పుడు అంచు టైరుని కోస్తుంది.

ఇప్పుడు 17 అంగుళాల దారి చూడండి. 275/40 ఆర్ 17, 9.5 వెడల్పు రిమ్, 5.5 బ్యాక్‌స్పేసింగ్. పొట్ట సుమారు 10.9, ఆఫ్‌సెట్ పావు అంగుళం లోపలికి. బయటికి వచ్చేది మళ్లీ 5.2యే! పెరిగిన అర అంగుళం మొత్తం లోపలికే పోయి 5.7 అయింది. బయట ఏ మార్పూ లేకుండా వెడల్పు తెచ్చుకోవడం అంటే ఇదే. కమారో మీద ఈ జత బాగా నడుస్తుందని పేరు, అయినా మీ బండిలో లోపల 6.2 ఉందో లేదో మీరే చూసుకోవాలి. ఇంతకన్నా పెద్దవి, 315 లాంటివి కావాలంటే లోపలి తొట్టిని కోసి ఛాసిస్ పట్టీ దాకా వెడల్పు చేయాలి, కమాన్ పట్టీలను లోపలికి జరపాలి. అది వెల్డింగ్ పని, దాన్ని వారాంతపు సరదాగా మొదలుపెట్టొద్దు.

ముందు చక్రాలు ఇంకా పేచీ పెడతాయి, ఎందుకంటే అవి తిరుగుతాయి. 17కి 8 వెడల్పు, 4.75 బ్యాక్‌స్పేసింగ్, 245/45 టైరు సాధారణంగా పడుతుంది. 15 అంగుళాలకైతే 7 వెడల్పు, 235/60 దగ్గర ఆగడం మంచిది. స్టీరింగ్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, మడ్‌గార్డు వెనక కింది మూల, లోపల స్వే బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ), రెండూ చూడాలి. బ్యాక్‌స్పేసింగ్ తగ్గించి చక్రాన్ని బయటికి నెడితే తగలకపోవచ్చు. కానీ స్టీరింగ్ రోడ్డు గీతలను పట్టుకుని లాగుతుంది, బేరింగుల మీద బరువు పెరుగుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండికి వెడల్పు టైర్లు వేస్తే పార్కింగ్‌లో భుజాలు నొప్పెడతాయి.

మడ్‌గార్డు మడత అంచుని పైకి నొక్కి చదును చేయడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. హబ్బుకి బిగించే రోలర్ ఒకటి ఉంటుంది, దానితో కొంచెం కొంచెంగా మూడు నాలుగు విడతల్లో నొక్కుతారు. హీట్ గన్‌తో రంగుని చేతికి బాగా వేడి తగిలేదాకా వేడిచేయాలి, లేకపోతే పెచ్చులూడుతుంది. అసలు సమస్య రంగు కింద ఉంటుంది. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు సరిగ్గా ఈ మడతలోనే కూర్చుంటాయి. అందుకే ఇక్కడి పాత బండ్లలో చక్రం గూడు చుట్టూ తుప్పు, దాని మీద లప్పం, దాని మీద మెరిసే రంగు ఉంటాయి. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి అంచు పొడుగునా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. జారిన చోట రోలర్ పెడితే లప్పం అరచేయంత పెంకుగా ఊడి వస్తుంది. విజయవాడ ఆటోనగర్ మేస్త్రి అయితే వేళ్లతో తట్టి మోత విని చెప్పేస్తాడు. ఆ చెవి ఉన్నవాళ్లకి ఇక్కడ మంచి గిరాకీ. అంచుని కోసేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. వెనక పక్క ఆ మడతలోనే బయటి రేకూ లోపలి తొట్టీ స్పాట్ వెల్డింగుతో కలిసి ఉంటాయి. కోస్తే రెండూ విడిపోతాయి. తప్పనిసరైతే కోసిన చోట మళ్లీ అతుకు వేసి, నీళ్లు దిగకుండా సీమ్ సీలర్ పూయాలి.

నట్లు ఏ రిమ్ముకి ఆ రకమే వాడాలి. కొన్ని అల్లాయ్‌లకి 60 డిగ్రీల కోన్ నట్టు, కొన్నిటికి మెడ ఉన్న నట్టూ వాషరూ. అల్లాయ్ మందం వల్ల పాత స్టడ్ పొట్టిదైపోతుంది. నట్టుకి కనీసం స్టడ్ మందమంత మర పట్టు ఉండాలి. 7/16 స్టడ్ అయితే చేత్తో తిప్పినప్పుడు 9 చుట్లన్నా తిరగాలి. 5 చుట్లకే ఆగిందంటే పొడుగు స్టడ్లు వేయాలి. వాటిని నట్టుతో లాగి కూర్చోబెట్టకుండా ప్రెస్సుతో ఎక్కించాలి. ఇలాంటి రిమ్ములు చాలావరకు నట్ల మీదే కేంద్రానికి వస్తాయి గానీ మధ్య రంధ్రం మీద కాదు. అందుకే బ్యాలెన్సింగ్ యంత్రంలో కూడా నట్ల రంధ్రాలను పట్టుకునే ప్లేటు వాడమని అడగండి. మధ్యలో కోన్ పెట్టి చేస్తే 60 మైళ్ల దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. నిందేమో టైరు మీద పడుతుంది.

అలైన్‌మెంట్‌కి 1969 పుస్తకం అంకెలు వాడొద్దు, అవి పాత పద్ధతి టైర్లకి రాసినవి. పవర్ స్టీరింగ్ ఉన్న బండికి ఇప్పటి రేడియల్ టైర్లు వేస్తే కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలడం) 3 డిగ్రీలకు పైగా, క్యాంబర్ (చక్రం పైభాగం వాలడం) అర డిగ్రీ లోపలికి, టో-ఇన్ (రెండు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) 1/16 నుంచి 1/8 అంగుళం, అంటే వీసం నుంచి రెండు వీసాల అంగుళం. పై కంట్రోల్ ఆర్మ్ దగ్గర షిమ్ముల (పలచటి రేకు ముక్కల) అమరికతో కాస్టరూ క్యాంబరూ వస్తాయి. గాలి కూడా పాత స్టిక్కర్ ప్రకారం కాకుండా 30–32 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. టైరుకి అడ్డంగా సుద్దగీత గీసి వంద గజాలు నడిపితే, ఎక్కడ చెరిగిందో అక్కడ ఒత్తిడి ఉందని తెలుస్తుంది. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. 215/70 ఆర్ 14 నుంచి 255/60 ఆర్ 15కి మారితే టైరు ఎత్తు 25.9 నుంచి 27 అంగుళాలు దాటుతుంది. ముల్లు 60 చూపిస్తుంటే బండి 63 దగ్గర ఉంటుంది. దానికి గేరుబాక్సులో స్పీడోమీటర్ పళ్లచక్రం మార్చాలి. 275/40 ఆర్ 17 ఎత్తు 25.7, పాతదానికి దగ్గరే.

బిగింపు 65–75 ఫుట్ పౌండ్లు, టార్క్ పానాతో, నక్షత్రం వరసలో. అల్లాయ్ అయితే 50 మైళ్లకి మళ్లీ బిగించాలి. ఆ మాట బిల్లు మీద రాసి యజమానితో సంతకం చేయించుకోవడం ఇక్కడి షెడ్డుల పద్ధతి. ఆ రెండో బిగింపుకి బండి వచ్చినప్పుడు టార్చి వేసి టైరు భుజం చుట్టూ చూడండి. దారంలా సన్నగా మెరిసే గీత ఒకటి కనబడితే అంచు తగులుతోందన్నమాట. ఆ గీత ఎదురుగా మడత మీద వేలు పెట్టి తడిమితే నల్లటి రబ్బరు పొడి అంటుకుంటుంది. రోలర్ మళ్లీ పెట్టాల్సింది ఆ నాలుగు అంగుళాల మేరే.