వెబ్ ఆప్షన్లకు రేపే ఆఖరు

టీచర్ కోర్సు బీఈడీలో చేరడానికి రాసిన ఎడ్‌సెట్‌లో ర్యాంకు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే చర్చ, ఏ కాలేజీ అని. కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లకు రేపే ఆఖరు. నాకు మాత్రం ఈ రోజుతో తేలిపోయింది.

నిన్న నాన్నతో కలిసి మా దగ్గర్లోని ఒక ప్రైవేటు బీఈడీ కాలేజీకి వెళ్లాను. ఆఫీసులో ఉన్నాయన "రోజూ రావాల్సిన పని లేదమ్మా, పరీక్షలకు వస్తే చాలు. అటెండెన్స్, రికార్డులు మేం చూసుకుంటాం" అన్నారు. నాన్నకు నచ్చింది. హాస్టల్ ఖర్చుండదు, ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకోవచ్చు. నాకు దిగులు పట్టుకుంది. రెండేళ్ల కోర్సులో 20 వారాలు బడికి వెళ్లి పాఠాలు చెప్పాలి. అది కూడా వాళ్లే చూసుకుంటే నేను నేర్చుకునేది ఎక్కడ?

అందుకే ఈ రోజు పొద్దున్నే నల్లగొండలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కాబట్టి నాన్నను డబ్బులు అడగాల్సిన పని లేదు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ప్రభుత్వ బీఈడీ కాలేజీలో సార్‌ని అడిగితే వెనక బెంచీలో కూర్చోమన్నారు. మైక్రో టీచింగ్ జరుగుతోంది. ఆరు నిమిషాల పాఠం, తోటివాళ్లే పిల్లలు. ఒక అక్క మైనస్ ఇంటు మైనస్ ప్లస్ ఎందుకో చెబుతోంది. మూడు ఇంటు మైనస్ రెండు మైనస్ ఆరు, రెండు ఇంటు మైనస్ రెండు మైనస్ నాలుగు... సున్నా దాకా వచ్చి, "ప్రతిసారీ రెండు పెరుగుతోంది కదా, తర్వాత ఎంత?" అని అడిగింది. నా ఒళ్లు జలదరించింది. నేను బీఎస్సీ దాకా దాన్ని రూలు అనే బట్టీ పట్టాను! ఇంతలో ఒకబ్బాయి లేచి, "రెండు అప్పులు కలిస్తే లాభమెట్లయితది టీచర్?" అన్నాడు. అక్క ఆగిపోయింది. సార్ కోప్పడలేదు. "అతను కూడడం గురించి అడుగుతున్నాడు, నువ్వు గుణించడం చెబుతున్నావు. ఆ తేడా చెప్పి, రేపు మళ్లీ చెయ్" అన్నారు.

నాకు కావాల్సింది ఆ 'మళ్లీ చెయ్'. పిల్లల ముందు తడబడేలోపు ఇక్కడ తడబడాలి.

బస్సులో పక్కింటి అక్క గుర్తొచ్చింది. చిన్నపిల్లలకు చెప్పాలని బీఈడీ చేసింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ పనికిరాదని తేలింది. ఆ తరగతులకు చెప్పే ఎస్జీటీ టీచరు ఉద్యోగం కోసం ఆమె చదివిన చదువంతా ఆగిపోయింది. ఏ కాలేజీ అన్నదానికంటే ముందు ఏ తరగతికి చెప్పాలో తేల్చుకోవాలని అక్క మాకందరికీ చెబుతూ ఉంటుంది. నాకు హైస్కూల్ లెక్కలే ఇష్టం కాబట్టి బీఈడీయే సరి.

రాత్రి అన్నం తిన్నాక మొదటి ఆప్షన్‌గా మాసబ్ ట్యాంక్ పెట్టాను. ఆఫీసాయన చెప్పిన కాలేజీ లిస్టులోనే పెట్టలేదు. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆడ అంత ఏం చూసినవ్ బిడ్డా?" అన్నాడు. నోట్‌బుక్ తెచ్చి మైనస్‌ల లెక్క మొదలుపెట్టాను. సున్నా దగ్గరికి వచ్చేసరికి "ఆగాగు, మొదటి నుంచి చెప్పు" అన్నాడు.

మూడుసార్లు చెప్పాను.