పేరు దగ్గర ఖాళీ వదిలెయ్ అన్నా

గుంటూరు బ్రాడీపేటలో మాది కార్డుల షాపు. పక్క గదిలో ఫ్లెక్సీ మిషను. పెళ్ళి కార్డుకి పేర్ల దగ్గర పేచీ ఉండదు, డిగ్రీల దగ్గర ఉంటుంది. బారసాల కార్డుకి మాత్రం ఎవరొచ్చినా ఒకటే పాట: "మిగతాదంతా సెట్ చేసెయ్ అన్నా, పేరు దగ్గర ఖాళీ వదిలెయ్. రాత్రికి వాట్సాప్‌లో పెడతా." రాత్రికి వచ్చేది స్క్రీన్‌షాటు. ఏదో సైట్లో దొరికిన పేరు, దాని కింద అర్థం. మొన్నొకావిడ పంపిన పేరుకి ఒక సైట్లో వెన్నెల అనుంది, ఇంకోదాంట్లో లక్ష్మీదేవి, మరోదాంట్లో ధైర్యవంతురాలు. నిఘంటువులో లేని పేరుకి ఏ అర్థమైతేనేం! వెన్నెల వేయమన్నారు, వేశాం.

ఈ గోలంతా బయటివాళ్ళదే అనుకుంటుంటే మా అన్నయ్య కూతురికి జ్యేష్ఠమాసంలో ఆడపిల్ల పుట్టింది. హస్త మూడో పాదం. హస్త నక్షత్రానికి అక్షరాలు పూ, షం, ణా, ఠా. మా పిల్ల వంతుకి ణ వచ్చింది. ణతో పేరేం పెడతాం చెప్పండి? "న పెట్టుకోండమ్మా, ఫర్వాలేదు" అని పంతులుగారు తేల్చేశారు. అల్లుడు మాత్రం తేల్చలేదు. "మావయ్యగారూ, ఎవరికీ లేని పేరు కావాలి" అని రోజూ సాయంత్రం షాపుకొచ్చి ఫోను పట్టుకుని కూర్చునేవాడు. అతనితో పాటు నాకూ ఆ పిచ్చి అంటుకుంది.

మొదట దొరికినవాడు కోఫీ అన్నన్. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌గా చేసిన ఆయన 1938 ఏప్రిల్ 8న పుట్టాడు, శుక్రవారం. ఘనాలో అకాన్ జనం పుట్టిన వారాన్నే పేరుగా పెడతారు. కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడు. ఆయన కవల సోదరి ఎఫువా, అదీ శుక్రవారమే. శనివారం పుడితే క్వామే, ఆదివారమైతే క్వాసీ. మనం శుక్రవారం ఆడపిల్ల పుడితే మహాలక్ష్మి అంటాం కానీ ఆ మాట పురిటి మంచం దగ్గరే ఆగిపోతుంది.

బాలిలో అయితే వరస నంబరే పేరు. మొదటి బిడ్డ వయాన్, తర్వాత మదే, న్యోమన్, కెతుత్. ఆడైనా మగైనా అవే. ఐదోసారి పుడితే మళ్ళీ వయాన్ నుంచి మొదలు. మా బ్రాడీపేట లైన్లూ అడ్డరోడ్ల లాగా అన్నమాట, నంబరు చెబితే చాలు. నైజీరియాలో యొరుబా వాళ్ళది ఇంకో తమాషా. కవలల్లో ముందొచ్చిన బిడ్డ తైవో, అంటే లోకాన్ని ముందు రుచి చూసినవాడు. వెనకొచ్చిన బిడ్డ కెహిందే. పెద్దరికం మాత్రం కెహిందేదే. బయట ఎలా ఉందో చూసి రమ్మని తమ్ముణ్ణి పంపింది తనే కదా!

అల్లుడు పడీపడీ నవ్వింది చైనా పల్లెల్లో పెట్టే 'గౌషెంగ్' అనే పేరుకి. కుక్క తినగా మిగిలింది అని అర్థం. అంత చేటు పేరుంటే దయ్యాలు కూడా ఆ బిడ్డ జోలికి రావని నమ్మకం. నాకు నవ్వు రాలేదు. మా తాతయ్య పేరు పుల్లయ్య. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని మా ముత్తవ్వ ఆయన్ని పుట్టగానే పుల్లివిస్తళ్ళ మీద, అంటే భోజనాలయ్యాక పారేసిన ఎంగిలాకుల మీద పడుకోబెట్టిందట. పక్కింటావిడ తీసుకెళ్ళి, చేటలో పెట్టి తెచ్చి, నూకలకి మళ్ళీ తల్లికే అమ్మింది. అలా కొనుక్కున్న బిడ్డ పుల్లయ్య. పెంటకుప్ప మీద పెట్టి తీస్తే పెంటయ్య. గుంటూరు మస్తాన్ దర్గాకి మొక్కుకుని కంటే హిందువుల ఇళ్ళలోనూ మస్తాన్‌రావు, మస్తానమ్మ. వీటికి ఏ సైటూ అక్కర్లేదు, ఆ ఇంటి కథ ఆ పేరులోనే ఉంది.

అదంతా పాతకాలం అంటారా? విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం నడిపిన గోరాగారు ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టారు. పిల్లల్లో ఒకరు సమరం, ఒకరు నియంత, తొమ్మిదో సంతానం నౌ, అంటే హిందీలో తొమ్మిది. జాతకం చూడకుండా, దేవుణ్ణి తలవకుండా పెట్టిన పేర్లు. ఈ ఊళ్ళలో నేను చూసినంతలో వీటిని మించిన విడ్డూరప్పేర్లు లేవు. అయినా వాళ్ళను జనం ఆ పేర్లతోనే గౌరవంగా పిలిచారు.

ఇంత స్వేచ్ఛ అన్ని దేశాల్లోనూ లేదండోయ్. న్యూజీలాండ్‌లో కింగ్, ప్రిన్స్, ప్రిన్సెస్, జస్టిస్ లాంటి బిరుదుల పేర్లు ఒప్పుకోరు. మన రాజులూ రాణులూ దొరబాబులూ అక్కడైతే ఏమైపోయేవారో! 1996లో స్వీడన్‌లో ఒక జంట అక్షరాలూ అంకెలూ కలిపి నలభై మూడింటితో బిడ్డకు పేరు రాసి, దాన్ని 'అల్బిన్' అని పలకాలన్నారు. పేరు నమోదు చేయలేదని జరిమానా వేస్తే, దానికి నిరసన అది. ఆ కార్డు మాకు రానందుకు సంతోషం. ఐస్‌లాండ్‌లో పేర్లకో కమిటీయే ఉంది. అక్కడ పిల్లగాలి అనే అర్థమొచ్చే 'బ్లేర్' పేరు మగవాళ్ళదని ఒక ఆడపిల్లకు ఒప్పుకోలేదు. కోర్టు తీర్పు వచ్చింది 2013లో, ఆ అమ్మాయికి పదిహేనేళ్ళప్పుడు. అప్పటిదాకా సర్కారు కాగితాల్లో ఆమె పేరు 'అమ్మాయి'!

మా పాప సంగతి. అల్లుడు దేశాలు తిరిగి వస్తుంటే, మా అమ్మాయి బాలింత మంచం మీద నుంచే అడిగింది, "బాబాయ్, ఇది పుట్టిన తిథేంటి?" అని. పంచాంగం చూసి నవమి అన్నాను. "అదే పెడదాం, నతోనే కదా" అంది. శ్రీరామనవమి అనుకుంటారని అల్లుడు గొణిగాడు. వాళ్ళమ్మగారు "అనుకుంటే మంచిదేగా" అనేసరికి నోరు మూతపడింది. ఇరవై ఒకటో రోజున పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో నవమి అని రాశారు.

ఇక న్యూమరాలజీ ఆయన ఒకరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకో 'ఏ' అక్షరం కలపమంటున్నాడు. కలుపుతారో లేదో సర్టిఫికెట్‌కి ముందే తేల్చుకోమన్నాను. పుట్టుక ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించాలి గానీ, పేరు ఎక్కించడానికి ఏడాది దాకా ఫీజు ఉండదు, ఆలస్య రుసుము కడితే పదిహేనేళ్ళ దాకా టైముంటుంది. ఒకసారి ఎక్కాక మాత్రం ఆధార్, స్కూలు, పాస్‌పోర్టు అన్నీ దాని వెనకే నడుస్తాయి. ఆ అదనపు 'ఏ' కోసం కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్ళు జిరాక్సులకి రోజూ మా షాపుకే వస్తుంటారు.