పేపర్ మీద ఎవరి పేరు?

మా పరిశోధన పేపర్‌లో ప్రయోగాలకన్నా రచయితల పేర్ల దగ్గరే ఎక్కువ టెన్షన్ పడ్డాం. డేటా సేకరించిన సహోద్యోగి మధ్యలో వేరే ల్యాబ్‌కి వెళ్లిపోయింది. అనాలిసిస్ చేసి మొదటి డ్రాఫ్ట్ రాసింది నేను. ఆ డ్రాఫ్ట్ మా గైడ్ గారి దగ్గరికి వెళ్లి వచ్చేసరికి పరికరం వాడుకోనిచ్చిన ల్యాబ్ పెద్దాయన పేరు కొత్తగా చేరింది. సహోద్యోగి పేరేమో పేపర్ చివరి కృతజ్ఞతల్లోకి దిగిపోయింది. 'రాయడంలో ఆవిడ లేదు కదా' అన్నారు గైడ్ గారు.

వాదన పెట్టుకోకుండా నియమాలు తీశాను. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ (ఐసీఎంజేఈ) నాలుగు షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ పాత్ర, రాతలోనో దిద్దుబాటులోనో భాగం, తుది ప్రతికి ఆమోదం, పేపర్‌కి జవాబుదారీ. నాలుగూ ఉండాలి. నిధులు తెచ్చినంత మాత్రాన రచయిత కాలేరు. అంతకన్నా ముఖ్యమైనది కింద ఉంది: మొదటి షరతు తీర్చినవాళ్లకు మిగతావి తీర్చే అవకాశం ఇవ్వాలి. అంటే డ్రాఫ్ట్ చూపించకుండా 'రాయలేదు' అని తీసేయడానికి లేదు.

అది గైడ్ గారికి చూపించి, డ్రాఫ్ట్ ఆమెకు పంపాం. మూడో టేబుల్ పక్కన ఆమె కామెంట్: 'చివరి రీడింగులు సెన్సర్ మార్చాక తీసినవి. పైవాటితో కలిపి సగటు తీయకండి.' ఆ సంగతి ఆమె సొంత నోట్‌బుక్‌లో తప్ప ఎక్కడా లేదు. ఆ తర్వాత కృతజ్ఞతల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పెద్దాయన సంగతి ఇంకా తేలిక. 'క్రెడిట్' అనే పద్ధతిలో పేపర్ పనిని 14 పాత్రలుగా విడదీస్తారు. ఆ పాత్రలతో షీట్ చేసి, ఎవరి గడులు వాళ్లనే నింపమన్నాను. ఆయన 'వనరులు' ఒక్కటే టిక్ పెట్టి, 'నా పేరెందుకు, థ్యాంక్స్ చాలు' అని రాశారు. మొహమాటమంతా మా వైపే! కృతజ్ఞతల్లో పేరు వేయడానికి కూడా రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం.

ఇక పేర్ల వరస. గణితంలో అక్షరక్రమం పెట్టేసి ఊరుకుంటారు. హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన భౌతికశాస్త్ర పేపర్‌కి 5,154 మంది రచయితలు, అంతమందిలో వరసకు అర్థమే ఉండదు. మా రంగంలో మొదటి పేరుకే విలువ. నేను, ఆమె 'సమాన పాత్ర' అని నక్షత్రం గుర్తు పెట్టుకున్నాం, ముందు పేరు నాది. ఆ గుర్తు ఒక ఊరట మాత్రమే. ఎవరైనా ఉటంకిస్తే 'ఫలానా, ఇతరులు' అనే రాస్తారు, ఆ ఇతరుల్లో ఆమె కలిసిపోతుంది. ఇది ఆమెకూ తెలుసు, పైకి అనలేదు.

సబ్మిట్ చేశాక జర్నల్ నుంచి అందరికీ నిర్ధారణ మెయిల్ వెళ్లింది. ఒకరిది స్పామ్‌లో పడి కాస్త ఆలస్యమైంది, అంతే. ఆ దశ దాటాక పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా కారణం రాసి అందరి సంతకాలూ పంపాలని జర్నల్ షరతు. మాకు ఆ అవసరం రాలేదు.

తర్వాతి పేపర్‌కి ఆ షీట్ ప్రయోగాలకు ముందే తెరిచాం. 'ఆలోచన ఎవరిది' అన్న గడి దగ్గర మాత్రం ముగ్గురం టిక్ పెట్టి కూర్చున్నాం.